సొసైటీకి వెబ్‌సైట్ చేయిస్తున్నాం: మూడు కొటేషన్లు వచ్చాయి, ఏం చూసి ఎంచుకోవాలి?

మగ్గాలవీధి | మంగళగిరి

అందరికీ నమస్కారం. నాన్నగారు మా చేనేత సహకార సంఘంలో డైరెక్టర్. నేను బీకాం అయ్యాక సొసైటీ లెక్కలు చూస్తున్నాను. మొన్నటి బోర్డు మీటింగ్‌లో సొసైటీకి సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకోవాలని తీర్మానం చేసి, ఆ పని నాకు అప్పజెప్పారు. ఇప్పటిదాకా మా సరుకు ఆప్కోకీ, కొన్ని ఊళ్ల షాపులకీ వెళ్తోంది. వాట్సాప్‌లో అడిగినవాళ్లకి కొంచెం పంపిస్తున్నాం.

మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకతను 9 వేలకి ఐదు పేజీలు చేస్తానన్నాడు, డొమైన్ (సైట్ చిరునామా పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ చోటు) మొదటి ఏడాది ఫ్రీ అట. విజయవాడలో ఒక చిన్న టీమ్ 42 వేలు అడుగుతోంది. వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ మీద చేస్తారట, ఫొటోలు మాత్రం మేమే ఇవ్వాలట. హైదరాబాద్ కంపెనీ ఒకటి లక్షా 60 వేలు చెప్పింది. అందులో మొబైల్ యాప్, చాట్‌బాట్, గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ కూడా ఉన్నాయి.

బోర్డులో పెద్దవాళ్లు "తొమ్మిది వేలది చాలు కదమ్మా" అంటున్నారు. కుర్రవాళ్లు పెద్దదే కావాలంటున్నారు. ఇది మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాళ్ల డబ్బు. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో తెలిసినవాళ్లు చెప్పండి.

కోడ్_కాఫీ | విజయవాడ

నేను చిన్న వ్యాపారాలకి సైట్లు చేసే పనిలోనే ఉన్నానండి. ధర సంగతి కాసేపు పక్కన పెట్టి, ముగ్గురినీ ముందు ఒకటే అడగండి: డొమైన్ ఎవరి అకౌంట్‌లో, ఎవరి పేరు మీద కొంటారు?

"ఫ్రీ డొమైన్" అన్న చోట ఎక్కువగా జరిగేది ఏమిటంటే, డిజైనర్ తన అకౌంట్‌లో తన ఈమెయిల్‌తో కొంటాడు. మీ పేరు ఎక్కడా ఉండదు. రెండో ఏడాది రెన్యూవల్‌కి అతను చెప్పిందే రేటు. అతను ఊరు మారినా, ఫోన్ ఎత్తకపోయినా మీ సైట్, దాంతోపాటు ఆ పేరుతో ఉన్న ఈమెయిళ్లు అన్నీ ఆగిపోతాయి. చీర మీద, బిల్లు మీద, సంచీ మీద అచ్చు వేయించుకున్న చిరునామా అది.

డాట్ ఇన్ పేర్లని నిక్సీ అనే సంస్థ నిర్వహిస్తుంది. డాట్ కామ్ లాంటివి ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ నిబంధనల కింద ఉంటాయి. ఏదైనా మనం కొనేది రిజిస్ట్రార్ దగ్గర, అంటే డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ దగ్గర. ఆ రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ సొసైటీ పేరుతో మీరే తెరవండి. పావుగంట పని. ఈమెయిల్ కూడా ఎవరి సొంతదో కాకుండా సొసైటీ పేరుతో ఒకటి పెట్టండి, ఎందుకంటే రేపు సెక్రటరీ మారతారు, అకౌంటెంట్ మారతారు. ఫోన్ నంబర్ కూడా ఆఫీసుదే ఇవ్వండి. ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకి కట్టుకునే వీలుంది. కనీసం మూడేళ్లకి కట్టి, ఆటో రెన్యూవల్ ఆన్ చేసి పెట్టండి. మొదటి ఏడాది రేటు తక్కువ చూపించి రెండో ఏడాది పెంచేవాళ్లు చాలామంది. రెన్యూవల్ రేటు చూసి ఎంచుకోండి.

డిజైనర్‌కి పని చేసుకోవడానికి లాగిన్ ఇవ్వాలి, నిజమే. కానీ యజమాని లాగిన్ మీ దగ్గర ఉండాలి. హోస్టింగ్‌కి, వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌కి, గూగుల్ అకౌంట్‌కి, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వేకి అన్నిటికీ ఇదే పద్ధతి.

ఇక గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ. ర్యాంకుకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. ఆ మాట కొటేషన్‌లో ఉందంటే మిగతా వాగ్దానాలు కూడా ఒకటికి రెండుసార్లు చూడండి.

పెద్దబజార్ | వరంగల్

నేను ఒప్పుకోను. మాది బట్టల షాపు. మా కస్టమర్లు ఎవరూ వెబ్‌సైట్ చూసి రారు. ఇన్‌స్టాలో రీల్ పెడతాం, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెడతాం, యూపీఐ క్యూఆర్ పంపిస్తాం. పైసా ఖర్చు లేదు. 42 వేలంటే నేతగాళ్లకి నూలు కొనిపెట్టొచ్చు. ఆ డబ్బుతో ముందు మంచి ఫోన్ కొని వీడియోలు తీయండి చెల్లెమ్మా.

పచ్చళ్లబండి | తెనాలి

పెద్దబజార్ అన్నా, మీ షాపు ముందు రోడ్డు ఉంది, బోర్డు ఉంది. మాలాంటి వాళ్లకి ఇల్లే షాపు. నేను పచ్చళ్లు, పొడులు అమ్ముతాను. నాకు కూడా మొదలు ఇన్‌స్టానే. ఒక పండగ ముందు నా అకౌంట్ ఎందుకో లాక్ అయింది. కారణం తెలియలేదు, అడగడానికి మనిషి లేడు. తిరిగి వచ్చేసరికి ఆర్డర్ల సీజన్ అయిపోయింది. ఫాలోవర్లందరూ అక్కడే, నా దగ్గర వాళ్ల నంబర్ ఒక్కటీ లేదు.

ఆ తర్వాతే సైట్ పెట్టించాను. ఇప్పుడు కూడా జనం వచ్చేది ఇన్‌స్టా నుంచే, అది నిజం. కానీ డబ్బు కట్టే ముందు ఆగి, పేరు గూగుల్‌లో కొట్టి చూస్తారు. ముఖ్యంగా అమెరికా, బెంగళూరు నుంచి కొనేవాళ్లు. అక్కడ మన అడ్రస్, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్స్) నంబర్, ఎన్ని రోజుల్లో వస్తుంది, సీసా పగిలితే ఏం చేస్తాం అన్నీ రాసి ఉంటే ధైర్యంగా కడతారు. ఇదివరకు ఇవే ప్రశ్నలకి వాట్సాప్‌లో రోజంతా జవాబులు టైపు చేసేదాన్ని.

కోడ్_కాఫీ | విజయవాడ

పచ్చళ్లబండి గారు చెప్పినదానికి ఒక విషయం కలుపుతాను. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తోపాటు ఫ్రీగా ఒక చిన్న వెబ్‌సైట్ ఇచ్చేవాళ్లు, గుర్తుందా? హోటళ్లు, క్లినిక్‌లు, ట్యూషన్ సెంటర్లు దాని మీదే నడిచాయి. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లన్నీ ఆపేసింది. మ్యాప్‌లో ప్రొఫైల్ అలాగే ఉంది, సైట్ మాత్రం పోయింది. సొంత డొమైన్ ఉన్నవాళ్లు దాన్ని ఇంకో చోటికి తిప్పుకున్నారు. లేనివాళ్లు కార్డులు మళ్లీ కొట్టించుకున్నారు.

అలాగని ప్రొఫైల్ వద్దని కాదు. సైట్ కన్నా ముందు అదే చేయాలి. మ్యాప్‌లో సొసైటీ, టైమింగ్స్, ఫొటోలు, ఫోన్. ఇది ఫ్రీ, దీనికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

మగ్గాలవీధి గారూ, మీరు ఒకటి చెప్పలేదు. సైట్ ఎవరి కోసం? చీర ఒక్కటి కొనే గృహిణి కోసమా, తానులు కొనే బొటిక్‌ల కోసమా, ఊరికే సొసైటీ ఉందని చూపించడానికా? ఈ మూడూ మూడు వేరే సైట్లు.

మగ్గాలవీధి | మంగళగిరి

నిజం చెప్పాలంటే బోర్డులో ఆ చర్చే రాలేదండి. నాన్నగారిని, ఇంకో ఇద్దరు డైరెక్టర్లని కూర్చోబెట్టి అడిగాను. వాళ్లకి కావలసింది షాపుల మీద ఆధారపడకుండా బొటిక్‌లు, డిజైనర్లు నేరుగా తానులు అడగడం. డ్రెస్ మెటీరియల్‌కి, చున్నీలకి గిరాకీ బాగుంది. ఒంటి చీరలు కూడా అమ్మాలని నాకుంది. కానీ మా దగ్గర ఒకే రంగు ఒకే అంచు చీరలు ఎక్కువ ఉండవు. ఒక పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు) దించితే వచ్చినన్ని, అంతే. సైట్‌లో పెట్టినది ఆఫీసు కౌంటర్‌లో అమ్ముడుపోతే ఏం చేయాలి?

కోడ్_కాఫీ | విజయవాడ

ఈ ప్రశ్న మూడు కంపెనీల్లో ఎవరైనా మిమ్మల్ని అడిగారా? అడిగినవాళ్లు ఉంటే వాళ్లకే ఇవ్వండి పని. చేనేత సైట్లు మూతపడేది డిజైన్ బాగాలేక కాదు, స్టాక్ మార్చేవాళ్లు లేక. ఆర్డర్ వస్తుంది, చీర ఉండదు, డబ్బు వెనక్కి పంపాలి. రెండుసార్లు అలా జరిగితే ఆ కస్టమర్ మళ్లీ రారు.

నా సలహా: మొదటి దశలో కార్ట్, పేమెంట్ వద్దు. రకాల వారీగా పేజీలు పెట్టండి. నిజాం అంచు చీరలు, పట్టు అంచు కాటన్, చెక్స్ తానులు, చున్నీలు. ఒక్కో పేజీలో నూలు కౌంటు (దారం సన్నదనం), పన్నా (బట్ట వెడల్పు) ఎంత, కనీసం ఎన్ని మీటర్లు తీసుకోవాలి, అడిగిన రంగు నేయడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఉతికితే రంగు దిగుతుందా లేదా. కింద ఒక ఎంక్వైరీ ఫారం, వాట్సాప్ బటన్. బొటిక్‌వాళ్లకి కావలసింది ఇదే. వాళ్లు రంగుల కార్డు, సాంపిల్ ముక్క అడుగుతారు. సాంపిల్‌కి ఎంత తీసుకుంటారో రాయండి.

ఒంటి చీరలకి "ఈ వారం మగ్గం దిగినవి" అని ఒకే పేజీ చాలు. ఆఫీసులో ఒక రాక్ కేవలం ఆ పేజీ కోసం పక్కన పెట్టండి, కౌంటర్‌లో చూపించొద్దు. ప్రతి చీరకి ఒక నంబర్ ట్యాగ్ కట్టండి. అమ్మగానే ఫోన్ నుంచే "అమ్ముడైంది" అని కొట్టేలా చేసిమ్మని డిజైనర్‌ని అడగండి. ఇది ఆర్నెల్లు ఆగకుండా నడిచిందంటే అప్పుడు పేమెంట్ గేట్‌వే పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్‌లో అయితే వూకామర్స్ అనే ఆన్‌లైన్ అమ్మకాల భాగం తర్వాత కలుపుకోవచ్చు, సైట్ మళ్లీ మొదట్నుంచి కట్టక్కర్లేదు.

యాప్ వద్దే వద్దు. ఏడాదికి రెండు చీరలు కొనేవాళ్లు దాని కోసం ఫోన్‌లో యాప్ దింపుకోరు.

తెలుగుఖతి | రాజమండ్రి

సైట్ తెలుగులో కూడా ఉంటుందా? ఉండాలని నా కోరిక. నేతగాళ్ల కుటుంబాలు చదువుకోవాలి, సభ్యులకి నోటీసులు అందులోనే పెట్టుకోవచ్చు.

మీ పాత కేటలాగులు, బైలాలు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటారు. ఆ ఫైల్‌లోంచి కాపీ చేసి సైట్‌లో పెడితే తెలుగు రాదు, పిచ్చి అక్షరాలు వస్తాయి. అను పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. యూనికోడ్‌లోకి, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదివే అక్షర పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒక మనిషి కూర్చుని ఒత్తులు, సున్నాలు సరిచూడాలి. ఈ పని ఎవరిదో కొటేషన్‌లో రాయించండి. చాలామంది డిజైనర్లు ఈ కష్టం తప్పించుకోవడానికి తెలుగు పేరాలని బొమ్మలుగా పెట్టేస్తారు. అలా పెడితే గూగుల్‌కి ఆ తెలుగు కనపడనట్టే, ఫోన్‌లో పెద్దది చేసి చదవడం కూడా కష్టం.

ఫాంట్లకి డబ్బు పెట్టకండి. సిలికానాంధ్ర చేయించిన మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సురవరం, గిడుగు లాంటివి, నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. నా ఇష్టం చెప్పాలంటే పేరాలకి నోటో సాన్స్, శీర్షికలకి రామభద్ర. పేజీకి రెండు ఫాంట్లు దాటితే ఫోన్‌లో తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

ఇంగ్లిష్ టెంప్లేట్‌లో తెలుగు పోస్తే వరుసల మధ్య చోటు చాలదు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. వరుసల దూరం పెంచమనండి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే స్టైల్ తెలుగుకి తీసేయమనండి, అది వాక్యాన్ని చెదరగొడుతుంది. బటన్ మీద "ఎంక్వైరీ పంపండి" పట్టేంత వెడల్పు ఉందో లేదో చిన్న ఫోన్‌లో తెరిచి చూడండి. డెమో ఎప్పుడూ లాప్‌టాప్‌లో చూపిస్తారు, మీరు మాత్రం మీ చేతిలో ఫోన్‌లోనే చూడాలి.

చూపుడువేలు | అనంతపురం

నాకు చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఫోన్‌లో, ఎన్‌వీడీఏ కంప్యూటర్‌లో వాడతాను, రెండూ ఉచితమే, రెండిట్లోనూ తెలుగు వినొచ్చు. అమ్మకి చీరలు నేనే ఆన్‌లైన్‌లో కొంటాను. చాలా చేనేత సైట్లలో నాకు వినిపించేది "ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్, బటన్". ధర కూడా ఫొటో మీదే రాసేస్తారు.

ప్రతి ఫొటో వెనక ఒక వాక్యం రాసే చోటు ఉంటుంది, ఆల్ట్ టెక్స్ట్ అంటారు. "చీర 1" అని కాకుండా "ఆకుపచ్చ కాటన్ చీర, మెరూన్ అంచు, జరీ చారల పల్లూ" అని రాయించండి. తెలుగు పేజీకి భాష తెలుగు అని కోడ్‌లో ఒక గుర్తు పెడతారు. అది లేకపోతే నా ఫోన్ తెలుగుని ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది. డిజైనర్‌కి ఇది ఒక్క మాట. మాకు మాత్రం కొనగలమా లేదా అన్నది దాని మీదే ఉంటుంది.

మగ్గాలవీధి | మంగళగిరి

ఇది నా బుర్రకి తట్టలేదండి. రంగులు మాటల్లో రాయడం మాకు కష్టం కాదు, మా వాళ్లకి ప్రతి రంగుకీ పేరుంది. నేనే రాస్తాను.

పెద్దబజార్ | వరంగల్

చెల్లెమ్మా, బొటిక్‌ల కోసమైతే సైట్ అవసరమే, ఆ మాట వరకు ఒప్పుకుంటాను. హోల్‌సేల్‌వాళ్లు అడ్రస్, జీఎస్టీ నంబర్ చూస్తారు. కానీ ఫొటోలు బాగా తీయించకపోతే మొత్తం దండగ. మాకు వాపసు వచ్చేవాటిలో ఎక్కువ "ఫొటోలో రంగు ఇలా లేదు" అని వచ్చేవే. ట్యూబ్‌లైట్ కింద తీసిన చీర నీలంగా కనిపిస్తుంది. పొద్దున్న వరండాలో, ఎండ నేరుగా పడని చోట తీయండి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే తర్వాత రంగు సరిచేసుకోవచ్చు. అందం పెంచే ఫిల్టర్లు వద్దు. అంచు దగ్గరగా ఒకటి, పల్లూ పూర్తిగా ఒకటి, తిరగేసి ఒకటి. మంగళగిరి బట్ట నేత బిగువు తెలిసేది దగ్గర ఫొటోలోనే.

కోడ్_కాఫీ | విజయవాడ

పెద్దబజార్ గారి సలహాకి నా వంతు: ఫోన్ ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకోదు. వెబ్‌పీ అనే ఫార్మాట్‌లోకి మార్చి రెండు వందల కేబీ లోపుకి తెమ్మనండి. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరీక్ష ఉంది. చిరునామా కొడితే చాలు, మొబైల్‌లో ఎంతలో తెరుచుకుంటుందో చెప్తుంది. పేజీలో అన్నిటికన్నా పెద్ద వస్తువు రెండున్నర సెకన్ల లోపు కనిపించాలన్నది వాళ్ల కొలత. చివరి పేమెంట్ ఇచ్చే ముందు ఈ పరీక్ష మీరే చేయండి.

ఎస్‌ఎస్‌ఎల్, అంటే సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య వెళ్లే సమాచారాన్ని మూడోవాళ్లు చదవకుండా దాచేది, దానికి విడిగా వేలు అడిగితే ఇవ్వకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్‌లలో అదే పడుతుంది. అది లేని సైట్‌ని 2018 జులై నుంచి క్రోమ్ "సురక్షితం కాదు" అని చూపిస్తోంది.

గ్రంథాలయం_మాది | కరీంనగర్ దగ్గర పల్లె

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది ఊరి లైబ్రరీ నడిపే చిన్న ట్రస్టు. మాకూ సైట్ కావాలి. మా ఊరివాళ్లు అమెరికాలో, గల్ఫ్‌లో చాలామంది ఉన్నారు, డొనేట్ బటన్ పెడితే పంపిస్తామంటున్నారు. డిజైనర్ "ఇంటర్నేషనల్ కార్డులు కూడా తీసుకునేలా పెట్టేస్తా సార్" అన్నాడు. పెట్టొచ్చా?

ఆడిటర్_డైరీ | హైదరాబాద్

ఆగండి సార్, ఆ బటన్ ఇప్పుడే పెట్టకండి. ఇది డిజైన్ విషయం కాదు, చట్టం విషయం.

విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. అవి లేకుండా మీ మామూలు గేట్‌వేలోకి విదేశీ పౌరుడి డబ్బు వస్తే ట్రస్టు చిక్కుల్లో పడుతుంది.

గల్ఫ్‌లో ఉన్న మీ ఊరివాళ్లు ఇంకా భారత పౌరులే అయితే, వాళ్ల సొంత సంపాదనలోంచి బ్యాంకు మార్గంలో పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం ఆ కిందికి వస్తుంది, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే. అందుకని విరాళం పేజీలో పౌరసత్వం అడగాలి, విదేశాల్లో ఉన్నవాళ్ల దగ్గర పాస్‌పోర్టు వివరం తీసుకుని దాచుకోవాలి. అంతర్జాతీయ కార్డులు ఆపేసి ఉంచండి.

బేఏరియా_బాబాయ్ | కాలిఫోర్నియా

ఆడిటర్ గారు చెప్పింది మా చుట్టుపక్కల చాలామందికి తెలియదు. నాకు ఓసీఐ ఉంది, అందుకే అడుగుతున్నాను. నా డబ్బు మా తమ్ముడికి పంపి, తను తన పేరుతో లైబ్రరీకి ఇస్తే?

ఆడిటర్_డైరీ | హైదరాబాద్

మీరు తమ్ముడికి పంపుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ లైబ్రరీకి ఇవ్వమని చెప్పి పంపితే అది మీ విరాళమే, దారి మాత్రమే వేరు. అలా చేయకండి. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థల్లో ఏదైనా గ్రామీణ గ్రంథాలయాలకి పనిచేస్తుంటే దానికే నేరుగా ఇచ్చి పుస్తకాల కార్యక్రమం మీ ఊళ్లో పెట్టమని అడగొచ్చు. వాళ్లు మాత్రం ఆ డబ్బుని ఇంకో ట్రస్టుకి బదిలీ చేయలేరు, అది కూడా 2020 సవరణే.

మగ్గాలవీధి గారూ, మీకు కూడా రెండు మాటలు. ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టిన రోజు నుంచి 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనలు వర్తిస్తాయి. సంఘం చట్టబద్ధమైన పేరు, అడ్రస్, ఈమెయిల్, ఫోన్, ఫిర్యాదులు చూసే అధికారి పేరు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు వచ్చిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెల లోపు తేల్చాలి. వాపసు విధానం, షిప్పింగ్ విధానం, ప్రైవసీ పేజీలు లేకపోతే పేమెంట్ గేట్‌వే వాళ్లు అకౌంట్ ఆమోదించరు. ఈ పేజీలని డిజైనర్ వేరే సైట్ నుంచి కాపీ కొట్టి పెడతారు, ఊరు పేరు కూడా మార్చకుండా. ఒకసారి చదివి మీ పద్ధతి రాసుకోండి. కొన్నవాళ్ల కార్డు వివరాలు మీ సైట్‌లో దాచకూడదు, 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం అది. గేట్‌వే చూసుకుంటుంది.

వేదిక నిర్వాహకులు

ఈ చర్చలో ఇద్దరు తమ కంపెనీ ఫోన్ నంబర్లు పెట్టారు, తొలగించాం. పని చేసిపెట్టేవాళ్లు సలహా రాయండి, నంబర్లు వద్దు. చర్చ కొనసాగించండి.

మగ్గాలవీధి | మంగళగిరి

అందరి మాటలూ కాగితం మీద రాసుకుని ముగ్గురికీ ఒకే ప్రశ్నల పట్టిక పంపించాను. 9 వేలతను డొమైన్ మా పేరు మీద పెడితే ఫ్రీ ఇవ్వలేనన్నాడు, నేరుగా చెప్పినందుకు నాకు గౌరవమే కలిగింది. పెద్ద కంపెనీ సేల్స్ అతను యాప్ తీసేస్తే రేటు తగ్గించలేమన్నాడు. విజయవాడ టీమ్ అమ్మాయి మాత్రం మంగళగిరి వచ్చింది. మగ్గాలు చూసింది, పడుగు ఎన్ని గజాలు, ఒక పడుగుకి ఎన్ని చీరలు అని నాన్నగారిని కూర్చోబెట్టి అడిగింది. పేమెంట్ భాగం తీసేసి, తెలుగు పేజీలు కలిపి 38 వేలకి ఒప్పుకుంది. డొమైన్, హోస్టింగ్ డబ్బు మేమే నేరుగా కట్టుకుంటాం. బోర్డు సరే అంది.

ఇప్పుడు అగ్రిమెంట్ రాసుకోవాలి. ఆమె పంపిన కాగితం ఒకటే పేజీ. అందులో ఏం కలపాలి? ఆమెని ఇబ్బంది పెట్టాలని లేదు, మంచి మనిషి.

ఆడిటర్_డైరీ | హైదరాబాద్

మంచి మనిషి అయితే కాగితం ఇంకా స్పష్టంగా ఉండాలి, ఇద్దరి మధ్యా మాట పోకుండా. కాపీరైట్ ఒకటి తప్పకుండా రాయండి. 1957 చట్టం ప్రకారం బయటివాళ్లతో చేయించిన డిజైన్, కోడ్ హక్కు మొదట చేసినవాళ్లదే. మనం డబ్బు ఇచ్చినంత మాత్రాన మనది కాదు, సంతకంతో రాసి ఇవ్వాలి. ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లే అనుకుంటుంది, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. కాబట్టి "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అన్న మాటలు ఉండాలి. ఆమె అన్ని పనుల్లోనూ వాడుకునే సొంత కోడ్ ముక్కలు ఉంటే వాటికి వాడుకునే అనుమతి చాలు, హక్కు అడగకండి. అది ఆమె జీవనం. డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌తో తీయించిన ఫొటోలకి మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించినవాళ్లదే.

కోడ్_కాఫీ | విజయవాడ

డబ్బు మూడు విడతలు చేయండి. సంతకం రోజున కొంత, ఫోన్‌లో డెమో చూపించి బోర్డు సరేనన్నాక కొంత, సైట్ బయటికి వచ్చి లాగిన్లన్నీ మీ చేతికి వచ్చాక మిగతాది. మార్పులు ఎన్నిసార్లు ఉచితమో రాయండి. ఇది ఆమె మేలు కోసం కూడా. బోర్డులో ప్రతి ఒక్కరూ ఒక రంగు మార్చమంటే ఆ అమ్మాయి ఆర్నెల్లు ఈ పని మీదే ఉంటుంది. మార్పులు చెప్పేది మీరు ఒక్కరే అని తీర్మానం చేయించుకోండి.

తర్వాత నిర్వహణ. వర్డ్‌ప్రెస్, దాని ప్లగిన్లు (దానికి కలిపే అదనపు సాఫ్ట్‌వేర్ ముక్కలు) ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. చేయకపోతే ఎప్పుడో ఒకరోజు సైట్ తెరిస్తే జూదం ప్రకటనలు వస్తాయి, ఇలాంటివి చాలా చూశాను. ఏడాదికి నిర్వహణ ఎంతో ఇప్పుడే రాయించండి. బ్యాకప్ ఎన్నాళ్లకోసారి, ఎక్కడ దాస్తారు, సైట్ పడిపోతే ఎన్ని గంటల్లో లేపుతారు అన్నవి కూడా. బ్యాకప్ ఒక కాపీ ప్రతి నెలా సొసైటీ కంప్యూటర్‌లోకి దించుకోండి.

పచ్చళ్లబండి | తెనాలి

ఒక్కటి నేనూ చెప్తాను. సైట్ ఇచ్చేశాక కొత్త చీర ఎలా ఎక్కించాలో మీకు నేర్పించే గంటలు కూడా అగ్రిమెంట్‌లో పెట్టండి. స్క్రీన్ వీడియో తీసి ఇమ్మనండి. నాది అలాగే చేయించుకున్నాను, ఇప్పుడు మా ఆడపడుచు కూడా ఎక్కిస్తుంది. ప్రతి చిన్న మార్పుకీ ఫోన్ చేసే పని లేదు.

మగ్గాలవీధి | మంగళగిరి

రాసుకున్నాను అక్కా. సొసైటీ ఈమెయిల్ తెరిచాను, ఇప్పుడే రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ కూడా తెరిచాను. డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ ఖాళీగా ఉన్నాయి. రెండూ కొనాలా? సహకార సంఘాలకి డాట్ కోఆప్ అని ఒకటి ఉందట, అది కూడా చూపిస్తోంది.

కోడ్_కాఫీ | విజయవాడ

డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ కొనండి, రెండోది మొదటిదానికి మళ్లించండి. డాట్ కోఆప్ నిజంగానే సహకార సంఘాల కోసం పెట్టినదే, కానీ మన కస్టమర్లకి అలవాటు లేని చివర, ఫోన్‌లో చెప్తే తప్పు కొడతారు. దాని డబ్బు ఫొటోలకి పెట్టండి. పేరులో హైఫన్ వద్దు, స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూసుకుని కట్టండి, కట్టాక అక్షరం మార్చడం కుదరదు. రిజిస్ట్రార్ అకౌంట్‌కి టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ అడిగేది) ఆన్ చేసి, బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. కొన్నాక రెన్యూవల్ తేదీ ఆఫీసు క్యాలెండర్ మీద రాయండి.